అక్షింతల బిందె

ఇప్పుడంటే ప్లాస్టిక్ బిందెని ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ రోజుల్లో దాన్ని ఇంట్లోకి రానివ్వడమా మానడమా అన్నది పెద్ద చర్చ. ఎనభైల నాటి మాట. మంచినీళ్ళకి ఇత్తడి, పూజకి రాగి, వాడుకనీళ్ళకి సత్తు అని దేని చోటు దానికి ఉండేది. వాటి మధ్యలోకి ఆకుపచ్చగా, ఎర్రగా, గాలి వీస్తే దొర్లిపోయేంత తేలిగ్గా ఈ కొత్తది దిగింది. తేలిగ్గా ఉంది కదా అని ఆడవాళ్ళు ముచ్చటపడేవారు, తేలిగ్గా ఉంది కదా అనే మగవాళ్ళు చులకన చేసేవారు. (మోసేది ఎవరో దాన్నిబట్టి అభిప్రాయాలు ఉండటం లోకంలో మామూలే.) అలాంటి బిందెలు తయారుచేసే ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌ని కావాలని నేను కలలు కన్నాను. కన్నవాడిని ఊరికే ఉన్నానా, ఆ కలని ఇంట్లో చెప్పాను. నన్ను పెంచిన మావయ్యకి యానాం బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది.

మావయ్య మా అమ్మకి సొంత అన్నయ్య. రామచంద్రపురం దగ్గర పల్లెలో పుట్టి, వ్యాపారం కోసం యానాం వచ్చి స్థిరపడ్డాడు. ఆయనకీ అత్తయ్యకీ పిల్లలు లేరు. నేను హైస్కూలుకి వచ్చేసరికి మా అమ్మ నన్ను తీసుకొచ్చి, వీణ్ణి మనిషిని చెయ్యమని చెప్పి వాళ్ళింట్లో దింపి వెళ్ళింది. మనిషిని చెయ్యడమంటే మావయ్య దృష్టిలో ఒకటే అర్థం, ఇత్తడి కొట్టులో గల్లాపెట్టె వెనకాల కూర్చోబెట్టడం. ఆయన అమ్మకం తీరు చూడాల్సిందే. కొన్నవాళ్ళ చేతికి బిందె ఇచ్చేముందు ఎడంచేత్తో అంచు పట్టుకుని ఎత్తి, కుడిచేతి గోటితో ఒక్కసారి మీటేవాడు. ఖంగుమని మోగేది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా కళ్ళు మూసుకుని వినేవాడు. విని, 'మాట్లాడింది, పట్టికెళ్ళండి' అనేవాడు. మోత తేడాగా ఉంటే మాత్రం బతిమాలినా ఇచ్చేవాడు కాదు. నాకు ఆ మోతలో ఏ సంగీతమూ వినపడేది కాదు. సెలవులొస్తే కొట్టు సామానంతా చింతపండు పెట్టి తోమే పని నాదే కావడం వల్ల, ఇత్తడి అంటే నాకు వేళ్ళు మంట పుట్టించే వస్తువు మాత్రమే.

కాకినాడలో ఐటీఐ ఫిట్టరు పాసై వచ్చేసరికి మా ఊళ్ళో గాలి మారింది. పాండిచ్చేరి ప్రభుత్వం ఇచ్చే రాయితీల కోసం ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి యానాంలో చిన్న చిన్న ఫ్యాక్టరీలు పెడుతున్నారు. మెట్టకూరు వైపు ఒక పెద్ద రేకుల షెడ్డు లేచింది. ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు, మగ్గులు. నేను వెళ్ళి ట్రెయినీగా చేరిపోయాను. ఖాకీ చొక్కా, జేబులో స్పానరు, చెవి వెనక పెన్సిలు. (ఆ పెన్సిలుతో ఏమీ రాసిన జ్ఞాపకం లేదు.) సాయంత్రం బజారు మీదుగా ఇంటికి నడిచి వస్తుంటే ఊరంతా నన్నే చూస్తోందని నా గట్టి నమ్మకం.

మావయ్య అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుని, నన్ను పిలిచి ఒక ఒప్పందం చెప్పాడు. "దసరా దాకా చూద్దాం రా అబ్బాయ్. ఆ లోపల నిన్ను పర్మనెంటు చేశారా, నీ దారి నీది, నేను అడ్డురాను. చెయ్యలేదా, విజయదశమి నాడు పొద్దున్నే స్నానం చేసొచ్చి కొట్టులో కూర్చుంటావు. మళ్ళీ ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదు." నేను సరేనన్నాను. తర్వాత ఒకరోజు ఉత్సాహం కొద్దీ, నేను దగ్గరుండి చేయించిన ఒక ఎర్ర బిందెని ఆయన చూసి మెచ్చుకుంటాడని ఇంటికి తెచ్చాను. ఆయన అలవాటుగానే అంచు పట్టుకుని ఎత్తి, గోటితో మీటాడు. ఠప్పుమంది. కళ్ళు మూసుకుని ఆగాడు, పాపం, ఇంకేమైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు. "ఇది మాట్లాడదురా," అని నా చేతికి ఇచ్చేసి భోజనానికి లేచాడు. ఆ బిందెని అత్తయ్య మర్నాడే పెరట్లో మొక్కలకి నీళ్ళు పోయడానికి పెట్టుకుంది. ఆవిడ నా పక్షం.

వర్షాకాలం అయ్యేసరికి మా షెడ్డుకి, చేత్తో నడిపే పాతదాని స్థానంలో, కొత్త మెషీన్ వచ్చింది. దాన్ని బిగించడానికి మెడ్రాసు నుంచి ఒక ఇంజనీరు గారు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. చుట్టూ మేమందరం గ్రీజులో మునిగి తేలుతుంటే ఆయన చొక్కా మీద మరక పడగా ఎవరూ చూడలేదు. ఆ మెషీన్ చేసే పని చెబితే వినడానికి ముచ్చటగా ఉంటుంది. పైన గరాటు లాంటి తొట్టి ఉంటుంది, దాన్ని హాపర్ అంటారు. అందులో తెల్లటి ప్లాస్టిక్ గింజలు పోస్తే, లోపల వేడికి కరిగి, కింద ఉన్న మూతిలోంచి మెత్తటి గొట్టంలా దిగుతాయి. ఆ గొట్టాన్ని రెండు పక్కల నుంచీ అచ్చు వచ్చి పట్టుకుంటుంది. లోపలికి గాలి ఊదుతుంది. బుడగలా ఉబ్బి అచ్చుకి అంటుకుంటుంది. అచ్చు తెరుచుకుంటే బిందె. అన్నీ దానంతటదే చెయ్యడం మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఇంజనీరు గారు నా వైపు అదోలా చూశారు.

ఆయనకి ఒకే ఒక్క నియమం ఉండేది, దాన్ని రోజూ పొద్దున్నే అప్పజెప్పించుకునేవారు. హాపర్‌లో గింజలు తప్ప ఇంకేమీ పడకూడదు. పురుగు పడకూడదు, దుమ్ము పడకూడదు, మనిషి తుమ్ము కూడా పడకూడదు. తాను లేకుండా మూత తియ్యకూడదు. కరిగిన ప్లాస్టిక్‌లో చిన్న నలుసు ఉన్నా గాలి ఊదినప్పుడు సరిగ్గా అక్కడే చిల్లు పడుతుందట. బస్తాల్లో వచ్చే గింజల్లో ఎలాగూ కొంత నలుసు ఉంటుంది కదా, దానికి నేనొక ఉపాయం చేశాను. అత్తయ్య బియ్యం చెరిగే చేట ఒకటి ఇంట్లోంచి పట్టుకుపోయి, కూర్చుని గింజల్ని చెరిగి, ఏరి, అప్పుడు పోసేవాణ్ణి. మొదటిరోజు ఇంజనీరు గారు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఐటీఐలో ఇదే నేర్పారా అని అడిగారు. లేదండి, మా అత్తయ్య నేర్పిందన్నాను. మర్నాడు ఆయన షెడ్డుకి ఇంకో రెండు చేటలు కొనిపించారు. నా ఉద్యోగ జీవితంలో మొదటి ప్రమోషన్ అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

దసరా దగ్గరపడింది. మహర్నవమి నాడు షెడ్డులో ఆయుధపూజ, అప్పటిదాకా ట్రయలు మాత్రమే నడిచిన కొత్త మెషీన్ ప్రారంభం. సాయంత్రానికి కాకినాడ డీలరు వ్యాను వస్తుంది, దానికి నిండా బిందెలు ఎక్కించాలి. ఇంజనీరు గారు ముందురోజు నన్ను పిలిచి విషయం తేల్చి చెప్పారు. వ్యాను నిండితే ఈ మెషీన్‌కి పర్మనెంటు టెక్నీషియన్‌గా నా పేరు రాసి ఆయన మర్నాడు మెడ్రాసు రైలెక్కుతారు. నిండకపోతే అక్కణ్ణుంచే అనుభవమున్న మనిషిని పంపిస్తారు. అంటే సరిగ్గా మావయ్య పెట్టిన గడువుకి ముందు సాయంత్రం నా జాతకం తేలుతుందన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి హాయిగా నిద్రపోయాను. ఆ వయసు అలాంటిది.

పూజకి అత్తయ్య మా వీధి ముత్తయిదువుల్ని పదిమందిని పోగేసుకుని వచ్చింది. ఫ్యాక్టరీ అంటే ఎలా ఉంటుందో చూడాలని అందరికీ సరదా. పట్టుచీరలు, పూలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పళ్ళెం. మావయ్య కూడా వచ్చాడు, ఆశ్చర్యం. పొద్దున్నే తన కొట్టులో పూజ ముగించి, త్రాసుకి, కాటాలకి, బిందెలకి పసుపు కుంకుమ పెట్టి, తాళం వేసి వచ్చాడు. ఆయనకి దీంట్లో గట్టి పట్టింపు ఉంది. నవమి నాడు పూజలో పెట్టిన సామానుని విజయదశమి పూజ అయ్యేదాకా కదపకూడదు. కొట్టు తలుపు తియ్యకూడదు. ఏటా ఆ రోజు ఎవరొచ్చి అడిగినా రేపు రమ్మనేవాడు. ఇక్కడేమో పూజ చేసిన రోజే మెషీన్ తిప్పుతారని తెలిసి, ముఖం అదోలా పెట్టి ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డు వెనకాల కనకాలపేట నుంచి పిలిపించిన వంటాయన పెద్ద గంగాళంలో పులిహోరకి అన్నం వారుస్తున్నాడు. వాసన ముందు దాకా వస్తోంది.

సరిగ్గా పూజ చివరికొచ్చేసరికి ఆఫీసుగదిలో ఫోను మోగింది. మెడ్రాసు నుంచి ట్రంకాలు. ఇంజనీరు గారు వెళ్ళారు. ఆ రోజుల్లో ట్రంకాలంటే అరవడం, ఆగడం, మళ్ళీ అరవడం, ఎంతకీ తెమిలేది కాదు. ఇటు పంతులు గారు వర్జ్యం వచ్చేస్తోందని తొందర. అక్షింతలు అందరికీ పంచారు. అందరూ మెషీన్ చుట్టూ చేరారు. పంతులు గారు తలెత్తి హాపర్ వైపు చూసి, ఏమిటది అని అడిగారు. అది దీని నోరండి, గింజలు అందులోనే పోస్తాం అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. ఆయన ఒక్క క్షణం ఆలోచించారు.

"నోరు మూసుకుని ఉంటే దీవెన లోపలికి ఎలా వెళ్తుందయ్యా? ఆ మూత తియ్యి."

ఇంజనీరు గారి నియమం నాకు గుర్తురాలేదా అంటే వచ్చింది. బాగానే వచ్చింది. కానీ ఎదురుగా పంతులు గారు, వెనకాల పట్టుచీరల్లో పదిమంది, మూల మావయ్య, పైన వర్జ్యం. నేను నిచ్చెన ఎక్కి మూత తీశాను. పూజకని హాపర్ అడుగున కాసిని గింజలే పోసి ఉంచాం. వాటి మీద అక్షింతలు పడ్డాయి. ఒక్కొక్కరూ నిచ్చెన మెట్టెక్కి, నా తల మీద నాలుగు, లోపల నాలుగు వేసి దిగుతున్నారు. ఆఖర్న మావయ్య లేచి వచ్చాడు. ఆయన మెట్టెక్కలేదు, పొడగరి కదా, కింద నుంచే చెయ్యి ఎత్తి వేశాడు. అందరూ నాలుగేసి గింజలు వేస్తే ఆయన గుప్పెడు వేశాడు. వేసి, నా వైపు చూడకుండా వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నేను మూత వేసేముందు ఆ పైన రెండు బస్తాల గింజలు బోర్లించేశాను. అయినా బియ్యపుగింజ, ప్లాస్టిక్ గింజ ఒకే సైజులో ఉంటాయి, లోపల కలిసిపోతే ఏమవుతుందిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. (ఆ ధైర్యం ఐటీఐలో నేర్పినది కాదు, అత్తయ్య నేర్పినదీ కాదు. పూర్తిగా నా సొంతం.)

ఇంజనీరు గారు ఫోను పెట్టేసి వచ్చి, మెషీన్ ఆన్ చేశారు. మొదటి బిందె దిగింది. ఆకుపచ్చ రంగులో, నునుపుగా, ఎక్కడా వంక లేదు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి అబ్బా అన్నారు. రెండోది, మూడోది దిగాయి. నా ఛాతీ వెడల్పయింది. మావయ్య వైపు చూశాను. ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది వాసన. మాడు వాసన. షెడ్డంతా అన్నం మాడిన వాసన. వంటాయన అన్నం మాడ్చేశాడని ముత్తయిదువులు ముక్కుల మీద కొంగులు వేసుకున్నారు. అత్తయ్య నడుం బిగించి వెనక్కి వెళ్ళింది. ఇంతమంది ఆకలితో ఉంటే గంగాళం మాడ్చి కూర్చున్నావా అని ఆవిడ, తన చేతి మీద ఇంతవరకూ ఒక్క మెతుకు మాడలేదని ఆయన. మాటా మాటా పెరిగింది. వంటాయనకి పౌరుషం వచ్చేసింది. గరిటె నేలకేసి కొట్టి, గంగాళం మూతలో అన్నం తీసుకుని షెడ్డులోకి వచ్చి, ఇదిగో చూడండి, ఇది మాడిన అన్నమా అని ప్రతివాళ్ళ ముందూ పెట్టి చూపించాడు. అన్నం మల్లెపువ్వులా ఉంది. మరి వాసన ఎక్కడిదని అందరూ ముఖాలు చూసుకుంటూ ఉండగా, మెషీన్ మూతిలోంచి దిగిన గొట్టం అచ్చులో పడింది, గాలి ఊదింది, ఫుస్సుమని పక్కకి చిల్లు పడి, బిందె కావాల్సింది ముడతలు పడి వేలాడింది. తర్వాతదీ ఫుస్సే. ఆ తర్వాతది ఎలాగో బిందె అయింది గానీ, ఒంటినిండా గోధుమరంగు మచ్చలు. నేను దాన్ని తీసి చూశాను. మచ్చలు కావు. బియ్యపు గింజలు. కొన్ని మాడి నల్లగా, కొన్ని ఇంకా పసుపుపచ్చగా, బిందె గోడలో అతుక్కుపోయి ఉన్నాయి.

ఇంజనీరు గారు మెషీన్ ఆపేశారు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. మూత ఎవరు తీశారని అడిగారు. గట్టిగా అడగలేదు, అందుకే ఇంకా భయం వేసింది.

"నేనే తీశానండి."

"మూత వాడు తీశాడు, బియ్యం మేం వేశామండి," అంది వెనకనుంచి అత్తయ్య. పంతులు గారు అప్పటికే పంచె సర్దుకుని గుమ్మం దగ్గరికి చేరారు.

ఇంజనీరు గారు ఆ బిందెని తిప్పి తిప్పి చూశారు. కోపం తెచ్చుకోవాలా, నవ్వాలా ఆయనకే తెలియలేదనుకుంటాను. ఆయన చెప్పింది మాత్రం నాకు బాగా అర్థమైంది. ఒకటి, హాపర్‌లో ఉన్న గింజలన్నీ కిందికి దించి, బియ్యం ఏరెయ్యాలి. మిగతా బస్తాలు కాకినాడ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉన్నాయి, పండగ అయ్యేదాకా రావు, కాబట్టి ఈ గింజలతోనే వ్యాను నింపాలి. రెండు, మూతి విప్పి, లోపల అంటుకున్న మాడునంతా గీకెయ్యాలి. గీకడానికి ఇనుము పనికిరాదు. ఇనుము తగిలితే లోపల గీతలు పడతాయి, ఆ గీతలు ఇక ప్రతి బిందె మీదా కనిపిస్తాయి. మెత్తటి లోహం కావాలి. మెషీన్‌తో పాటు మెడ్రాసు నుంచి రావాల్సిన గీకుడు బద్దలు ఇంకా రాలేదు. అవి రెండు రోజుల్లో వస్తాయి, అప్పుడు చూద్దాం, వ్యానుని వెనక్కి పంపెయ్యమని చెబుతానంటూ ఆయన ఆఫీసుగది వైపు తిరిగారు.

"మెత్తటి లోహం అంటే?" అన్నాడు మావయ్య. అందరం ఆయన వైపు తిరిగాం. అంతసేపట్లో ఆయన మాట్లాడటం అదే మొదలు.

"ఇత్తడి," అన్నారు ఇంజనీరు గారు. "ఫ్లాట్‌గా, పల్చగా ఉండాలి."

నేను మావయ్యనే చూస్తున్నాను. ఆయన చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. కూర్చుంటే చాలు, రేపు పొద్దున్నే నేను స్నానం చేసి వెళ్ళి గల్లాపెట్టె వెనకాల కూర్చుంటాను. వాళ్ళకి ఉన్నది నేనొక్కణ్ణే. పైగా ఆ రోజు కొట్టు తలుపు తియ్యకూడదు. అది ఆయన పెట్టుకున్న నియమం, నా కోసం పెట్టింది కాదు. కుర్చీలో అలాగే కొంచెంసేపు కూర్చుని, మొలలో తాళాలగుత్తి తడుముకున్నాడు. తర్వాత లేచి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పంతులు గారిని చూసి, అడిగాడు.

"తప్పంటారా అండీ?"

పంతులు గారికి ఆ రోజు ఇంకో సలహా ఇచ్చే ధైర్యం లేదు. ఆయుధపూజ అంటే ఆయుధం అవసరానికి పనికొస్తేనే కదండీ అని ఏదో గొణిగారు. మావయ్య రిక్షా ఎక్కి వెళ్ళాడు.

ఆయన వచ్చేలోపల షెడ్డులో జరిగింది మా ఊళ్ళో అంతకుముందు ఎక్కడా జరిగి ఉండదు. హాపర్ ఖాళీ చేసి గింజలన్నీ చాపల మీద పోశాం. అత్తయ్య పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపి చాప మీద కూర్చుని, చేట లాక్కుంది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. మూడు చేటలు చాలక, తాంబూలం పళ్ళేలు, పులిహోర వడ్డించే బేసిన్లు, అన్నీ వచ్చాయి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ప్లాస్టిక్‌లో బియ్యం ఏరడం మొదలైంది. ఏరుతూ ఏరుతూ వాళ్ళు ఇంట్లో ఏరేటప్పుడు ఏం మాట్లాడుకుంటారో అవే మాట్లాడుకున్నారు. ఎవరి కోడలు ఏమంది, ఎవరి గేదె ఈనింది. వంటాయన కోపం మరిచి, అక్కడే గొంతుక్కూర్చుని, తనకి పసుపు గింజలే కళ్ళకి బాగా ఆనతాయని చెబుతూ ఒక బేసిను తనూ తీసుకున్నాడు. ఇంజనీరు గారు తెల్ల చొక్కాతో వాళ్ళ మధ్య నిలబడి, కాసేపు ఎటూ తోచక, ఆఖరికి ఆయనా ఒక పళ్ళెం పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఆయన చొక్కా మీద పసుపు మరక పడింది. అందరం చూశాం, ఎవరూ చెప్పలేదు.

మావయ్య తెచ్చింది ఇత్తడి అట్లకాడ. కొత్తది, పల్చటి అంచు ఉన్నది. పూజలో పెట్టిన సామానులోంచి తీసినట్టున్నాడు, కాడ మీద పసుపు, కుంకుమబొట్టు ఇంకా తడిగానే ఉన్నాయి. నా చేతికి ఇచ్చేముందు అలవాటు కొద్దీ గోటితో మీటాడు. అట్లకాడ ఏం మోగుతుంది, చిన్నగా టింగుమంది. అయినా ఆగి విన్నాడు. నేను ఇంజనీరు గారు చెప్పినట్టు మూతి విప్పి, వేడి చల్లారకముందే ఆ అట్లకాడతో మాడు అంతా గీకాను. అత్తయ్య దోసెపెనం గీకుతుంటే రోజూ చూసిన పనే కదా, చెయ్యి దానంతటదే తిరిగింది. మావయ్య పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి, అటు మూల ఇంకా ఉంది చూడు అన్నాడు. అంతే.

మెషీన్ మళ్ళీ తిరిగింది. మధ్యాహ్నం భోజనాలు అందరం మెషీన్ పక్కనే నిలబడి, వంతులవారీగా తిన్నాం. ఒక్కో బిందె దిగుతుంటే ముత్తయిదువులు తీసి, అంచులు గీకి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. డీలరు వ్యాను వచ్చేసరికి చీకటి పడబోతోంది. వ్యాను నిండా పట్టాయి. డ్రైవరు తలుపు వేసి తాడు కడుతుంటే ఇంజనీరు గారు నా దగ్గరికి వచ్చారు. "రేపట్నుంచి నువ్వే చూసుకో," అన్నారు. ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, "మూత మాత్రం..." అని ఆగారు. తియ్యనండి అన్నాను. ఆయన మొదటిసారి నవ్వారు. మర్నాడు ఆయన రైలెక్కారు, ఆ చొక్కాతోనేనని విన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే నేను నేల మీద నడవలేదు. బాజాలు ఒక్కటే తక్కువ. పక్కన మావయ్య, చేతిలో ఆ మచ్చల బిందె. పారేద్దామని పక్కన పెట్టిన దాన్ని ఆయన అడిగి తీసుకున్నాడు. ఎందుకు మావయ్యా, దానికి అంచు కూడా సరిగా రాలేదు అన్నాను. వీధి దీపం కింద ఆగి, దాన్ని పైకెత్తి, గోటితో మీటాడు. ఠప్పుమంది.

"మాట్లాడదు," అన్నాడు. "కానీ నేను వేసిన గింజలు దీంట్లోనే ఉన్నాయి కదా. ఉండనీ."

మర్నాడు విజయదశమి. కొట్టు తెరిచి, మావయ్య ఒక్కడే గల్లాపెట్టె వెనకాల కూర్చున్నాడు. నేను కొత్త ఖాకీ చొక్కా వేసుకుని షెడ్డుకి పోతూ, ఒప్పందంలో గెలిచానన్న గర్వంతో ఆయనకి చెయ్యి ఊపాను. ఆ బిందె కొట్టులో ముందు బల్ల మీదకి చేరింది, వచ్చేపోయేవాళ్ళకి తాగునీళ్ళకి. చుట్టూ ధగధగ మెరిసే ఇత్తడి మధ్య ఆకుపచ్చగా, మచ్చలతో, వంకర అంచుతో. ఇత్తడి కొట్టులో ఇదేంటండీ అని ఎవరైనా ఎగతాళి చేస్తే, అది అమ్మకానికి కాదండి అనేవాడట. అంతకుమించి చెప్పేవాడు కాదని అత్తయ్య చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

నేను ఆ తర్వాత అదే రంగంలో ఉండి, టెక్నీషియన్‌గా, ఫోర్‌మన్‌గా, ప్రొడక్షన్ మేనేజరుగా రిటైరయ్యాను. ఎన్ని లక్షల బిందెలు నా చేతుల మీదుగా పోయాయో చెప్పలేను. వంక లేనిది ఒక్కటీ నా దగ్గర లేదు. వంక ఉన్నది మాత్రం, మావయ్య పోయాక కొట్టు నుంచి తెచ్చుకున్నది, ఇదిగో, మా వరండాలో ఉంది. రంగు వెలిసిపోయింది, గింజలు అలాగే ఉన్నాయి. మావయ్యని గెలిచాననుకుని ఆ కుర్రాడు ఆ సాయంత్రం ఎంత ఛాతీ విరుచుకుని నడిచాడో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గెలవడానికి తాళం తీసిచ్చింది ఎవరో పక్కనే నడుస్తున్నా వాడికి తట్టలేదు. కనీసం ఆ కొట్టులో ఒక విజయదశమి నాడు, ఊరికే, ఆయన పక్కన ఒక గంట కూర్చుని ఉండాల్సింది. ఆయనా రమ్మని అడగలేదు.

అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా దాన్ని అంచు పట్టుకుని ఎత్తి గోటితో మీటుతూ ఉంటాను. ఠప్పుమంటుంది. మా ఆవిడ లోపల్నుంచి, అది మాట్లాడదని మీకు తెలుసు కదా అంటుంది. తెలుసు. అయినా కళ్ళు మూసుకుని కొంచెంసేపు ఆగుతాను.